చివర్లో మారినవాళ్ళు వెనకబడ్డవాళ్ళేనా? పరిశోధన, సమానత్వం, ఇన్నోవేషన్: మూడు పుస్తకాల రివ్యూ

హలో అందరికీ. ఈసారి వీడియో కాస్త పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. మూడు పుస్తకాలున్నాయి, మూడూ అకడమిక్ పుస్తకాలే, లైబ్రరీలో మూడు వేరే వేరే అరల్లో ఉండేవి. ఒకటి రీసెర్చ్ ఎలా చేయాలో నేర్పుతుంది. ఇంకొకటి మనుషులంతా సమానమే అంటున్నాం కదా, దానికి ఆధారమేంటని అడుగుతుంది. మూడోది కొత్త పద్ధతులు, కొత్త వస్తువులు జనంలోకి ఎలా పాకుతాయో చెప్తుంది. విడివిడిగా వీటి గురించి చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి నేను మళ్ళీ అదే చెప్పను. పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు కనబడింది ఏంటంటే, మొదటిదానిలోనూ మూడోదానిలోనూ ఒకే చోట ఖాళీ ఉంది, ఆ ఖాళీ ఎక్కడుందో రెండో పుస్తకం చదివితే తప్ప తెలియదు.

తేలికైనదానితో మొదలుపెడదాం. ది క్రాఫ్ట్ ఆఫ్ రీసెర్చ్. వేన్ బూత్, గ్రెగరీ కొలంబ్, జోసెఫ్ విలియమ్స్ అని ముగ్గురు కలిసి రాశారు, యూనివర్సిటీ ఆఫ్ షికాగో ప్రెస్ 1995లో వేసింది. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. 2016లో నాలుగో ఎడిషన్, 2024లో ఐదోది వచ్చాయి. ఈ పుస్తకంలో అందరూ పట్టుకునేది ఒక వాక్యం, మూడు ఖాళీలున్న వాక్యం. నేను ఫలానా అంశం మీద పనిచేస్తున్నాను, ఎందుకంటే ఫలానా సంగతి తెలుసుకోవాలి, అది తెలిస్తే చదివేవాళ్ళకు ఫలానా పెద్ద విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. అంతే. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది, కానీ మీ థీసిస్ టాపిక్ తీసుకుని ఇప్పుడే నింపి చూడండి. సోషల్ మీడియా, యువత అన్నారనుకోండి, మొదటి ఖాళీ మాత్రమే నిండింది. రోజూ ఫోన్ చూసే పిల్లలు నిద్ర ఎందుకు తగ్గించుకుంటున్నారో తెలుసుకోవాలి అంటే రెండోది నిండింది. మూడోది దగ్గరకొచ్చేసరికి చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే అక్కడ ఎదురయ్యే ప్రశ్న ‘అయితే ఏంటి?’ అని. గైడ్ కూడా అదే అడుగుతారు, జర్నల్ రివ్యూయర్ కూడా అదే అడుగుతారు, కాకపోతే వాళ్ళు కొంచెం మర్యాదగా అడుగుతారు.

రెండో మంచి విషయం, వాదన కట్టే పద్ధతి. మీరు తేల్చిన మాట, దానికి కారణాలు, కారణాలకు సాక్ష్యం, ఆ కారణం ఈ మాటకు ఎలా అతుకుతుందో చెప్పే సూత్రం, వీటన్నిటితో పాటు ఎదుటివాళ్ళ అభ్యంతరాన్ని మీరే ముందుగా ఎత్తుకుని జవాబు చెప్పడం. ఈ చివరిది చాలా థీసిస్‌లలో ఉండదు. పరిశోధన మొదలుపెట్టే ఎవరికైనా ఈ పుస్తకం కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు, దీని మీద నేను ఎక్కువ సాగదీయను.

కానీ గమనించండి, ఈ పుస్తకం నిండా ఇద్దరే మనుషులు. రాసేవాళ్ళు, చదివేవాళ్ళు. ఆ ఇద్దరి మధ్య నమ్మకం ఎలా కుదురుతుందన్నదే మొత్తం పుస్తకం. ఎవరి మీద పరిశోధన జరుగుతోందో ఆ మనిషి దాదాపు కనబడరు. చివర్లో రీసెర్చ్ ఎథిక్స్ మీద కొద్ది పేజీలున్నాయి, అవి కూడా ఎక్కువగా కాపీ కొట్టకండి, సాక్ష్యాన్ని వక్రీకరించకండి, చదివేవాళ్ళను మోసం చేయకండి అనే దారిలోనే వెళ్తాయి. మంచిదే, కానీ పరిశోధన చరిత్రలో ఘోరాలన్నీ ఫుట్‌నోట్ దగ్గర జరగలేదు కదా. అమెరికాలో టస్కీగీ సిఫిలిస్ అధ్యయనం 1932 నుంచి 1972 దాకా నడిచింది, దాదాపు 600 మంది నల్లజాతి పురుషులు, వాళ్ళలో 399 మందికి ఆ జబ్బుంది. 1940ల్లో పెన్సిలిన్ చికిత్సగా అందుబాటులోకి వచ్చాక కూడా వాళ్ళకు ఇవ్వలేదు, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. ఆ అధ్యయనం చేసినవాళ్ళ పేపర్లు అచ్చయ్యాయి. మూడు ఖాళీల వాక్యాన్ని ఆ పరిశోధకులు కూడా చక్కగానే నింపగలరు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆ కేసు బయటపడ్డాకే, మనుషుల మీద చేసే పరిశోధన ఎలా ఉండాలో చెప్పే బెల్మాంట్ రిపోర్ట్ 1979లో అమెరికాలో వచ్చింది. వ్యక్తుల పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అని మూడు సూత్రాలు. చిన్న డాక్యుమెంట్, ఆన్‌లైన్‌లో ఉచితం, క్రాఫ్ట్ చదివేవాళ్ళు దీన్ని కూడా కలిపి చదవాలని నా అభిప్రాయం.

సరే, వ్యక్తుల పట్ల గౌరవం అన్నారు, అందరి పట్లా ఒకే స్థాయి గౌరవం ఎందుకు? ఇక్కడికే వస్తుంది రెండో పుస్తకం, వన్ అనదర్స్ ఈక్వల్స్. రచయిత జెరెమీ వాల్డ్రన్, న్యాయశాస్త్రం, ఫిలాసఫీ రెండూ తెలిసినాయన. 2015లో ఎడిన్‌బరోలో గిఫర్డ్ లెక్చర్స్ అనే పేరున్న ఉపన్యాసాలు ఇచ్చారు, అవే 2017లో హార్వర్డ్ వాళ్ళు పుస్తకంగా వేశారు. సమానత్వం అనగానే మన బుర్ర ఆస్తులు, జీతాలు, అవకాశాల మీదకు వెళ్తుంది. వాల్డ్రన్ వాటి కింద ఉన్న పునాది గురించి మాట్లాడతారు. నీ బాధ, నా బాధ ఒకే లెక్కలోకి వస్తాయని మనం ఏ ఆధారంతో అనుకుంటున్నాం?

ఇదేదో అందరికీ తెలిసిన విషయమే కదా అనుకోకుండా ఆయన మొదట్లోనే ఒక గట్టి ప్రత్యర్థిని తెచ్చి కూర్చోబెడతారు. హేస్టింగ్స్ రాష్‌డాల్, ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త, పైగా చర్చి మతాధికారి. 1907లో అచ్చయిన తన నీతిశాస్త్ర గ్రంథంలో, పైజాతుల వాళ్ళ ఉన్నతమైన జీవితం కోసం కింది జాతుల వాళ్ళ శ్రేయస్సును వదులుకోవాల్సి రావచ్చని నింపాదిగా రాశాడాయన. పిచ్చివాడు కాదు, గౌరవనీయుడైన ప్రొఫెసర్ తరహా మనిషి. సమానత్వానికి వాదన అక్కర్లేదు అనుకునేవాళ్ళు ఆ పేజీలు చదివితే సర్దుకుని కూర్చుంటారు.

ఇక అసలు చిక్కు. మనుషులు తెలివిలో, ఓర్పులో, మంచితనంలో, దేనిలో చూసినా ఎక్కువ తక్కువలున్నాయి. మరి ఏ గుణం ఆధారంగా సమానం? దీనికి జాన్ రాల్స్ అనే అమెరికన్ తత్వవేత్త 1971లో ఒక ఉపాయం చెప్పాడు, స్క్రీన్ మీద వృత్తం గీస్తున్నాను చూడండి. మధ్యలో ఒక చుక్క, అంచుకు ఆనుకుని లోపల ఇంకో చుక్క. కేంద్రం నుంచి దూరాలు వేరు. కానీ వృత్తం లోపల ఉన్నాయా అంటే రెండూ లోపలే, ఒకటి ఎక్కువ లోపల, ఒకటి తక్కువ లోపల అని ఉండదు. అలాగే నైతికంగా ఆలోచించగల శక్తి ఒక కనీస హద్దు దాటితే చాలు, ఆపైన ఎంత ఉందన్నది లెక్కలోకి రాదు. బాగుంది కదా. వెంటనే అభ్యంతరం కూడా వస్తుంది, ఆ శక్తే ముఖ్యమైనప్పుడు, అది ఎంత ఉందో చూడకుండా హద్దు దాటిందా లేదా అని మాత్రమే ఎందుకు చూడాలి? వాల్డ్రన్ దీన్ని దాటవేయరు, అందుకే నాకీ పుస్తకం నచ్చింది. ఆయన ఒకే గుణం మీద ఆధారపడరు, ఆలోచన, నైతిక బాధ్యత, తన బతుకును తాను నడుపుకోవడం, ప్రేమించగలగడం, ఇలా కొన్నిటిని కలిపి చూడమంటారు. ఒక్క క్షణంలో మనిషి ఎలా ఉన్నాడని కాకుండా పసితనం నుంచి ముసలితనం దాకా మొత్తం జీవితాన్ని చూడమంటారు. తీవ్రమైన మానసిక వైకల్యం ఉన్నవాళ్ళ గురించి చివరి అధ్యాయం ఉంది, అక్కడ ఆయన జవాబు నాకు పూర్తిగా ఆనలేదు, కానీ ఆ ప్రశ్నను ఫుట్‌నోట్‌లోకి నెట్టేసిన పుస్తకాలే ఎక్కువ కాబట్టి అంతమాత్రానికే మార్కులు వేస్తాను. మతపరమైన ఆధారం మీద కూడా ఒక అధ్యాయం ఉంది, అది కొందరికి నచ్చదు, వదిలేసి ముందుకెళ్ళినా నష్టం లేదు.

ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి, మూడో పుస్తకానికి కావాలి. వాల్డ్రన్ హోదాలు రెండు రకాలంటారు. ఒకటి పరిస్థితిని బట్టి వచ్చేది, ఖైదీ, మైనర్, దివాలా తీసినవాడు, వీళ్ళకు చట్టం వేరేగా ఉంటుంది కానీ ఎవరైనా ఆ పరిస్థితిలోకి రావచ్చు, బయటపడొచ్చు. రెండోది మనిషి రకాన్ని బట్టి వచ్చేది, పుట్టుకతోనే బానిస, పుట్టుకతోనే తక్కువజాతి అన్నట్టు. సమానత్వం మొదటిదాన్ని ఒప్పుకుంటుంది, రెండోదాన్ని అస్సలు ఒప్పుకోదు.

ఇప్పుడు డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నోవేషన్స్. ఎవరెట్ రోజర్స్, మొదట 1962లో వచ్చింది, నా చేతిలో ఉన్నది 2003 నాటి ఐదో ఎడిషన్. బిజినెస్ స్కూళ్ళలో, పబ్లిక్ హెల్త్‌లో, స్టార్టప్ ప్రెజెంటేషన్లలో కనబడే ఆ గంట ఆకారం గ్రాఫ్ ఈ పుస్తకంలోంచి వచ్చిందే. ముందుగా దూకే ఇన్నోవేటర్లు 2.5 శాతం, తర్వాత ఎర్లీ అడాప్టర్లు 13.5, ఆపైన 34, మళ్ళీ 34, చిట్టచివర 16 శాతం మంది లాగార్డ్స్, అంటే వెనకబడిపోయినవాళ్ళు. ఈ అంకెలు ఏదో సర్వేలో తేలినవి అనుకుంటారు చాలామంది. కావు. సగటు నుంచి స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నారో చెప్పే కొలత, దాన్ని బట్టి గీసిన గీతలవి. ఎంత మంచి సమాజాన్ని తీసుకున్నా, ఆ గీతలు గీస్తే ఎవరో ఒకరు చివరి గడిలో పడాల్సిందే.

రోజర్స్ కథలు చెప్పడంలో దిట్ట, చదువుతుంటే అకడమిక్ పుస్తకంలా అనిపించదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల మీద రయన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు 1943లో అచ్చువేసిన అధ్యయనం ఉంది, 259 మంది రైతుల్లో ఇద్దరు తప్ప అందరూ 1928, 1941 మధ్యలో ఆ విత్తనానికి మారారు, కానీ ఒక్కొక్కరూ ఎంత కాలం ఊగిసలాడారో, ఎవరి మాట విని మారారో చూడాలి. పెరూలో లాస్ మోలినాస్ అనే ఊరి కథ ఇంకా గట్టిది. నెలిడా అనే ఆరోగ్య కార్యకర్త రెండేళ్ళపాటు ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు కాచి తాగమని చెప్పింది, 200 కుటుంబాల్లో 11 కుటుంబాలే మారాయి. ఎందుకు? అక్కడివాళ్ళ నమ్మకంలో కాచిన నీళ్ళు జబ్బు చేసినవాళ్ళవి. ఒళ్ళు బాగున్నవాళ్ళు తాగేవి కావు. క్రిముల గురించి చెప్పింది నెలిడా, వాళ్ళు అడుగుతున్న ప్రశ్న వేరు. అసలు తప్పు ఎక్కడుందో రోజర్స్ బాగా పట్టుకుంటారు, ఊరి ఆలోచన అర్థం చేసుకోకుండా ప్రచారం చేశారంటారు.

మరి ఇంత తెలిసిన మనిషి ఆ చివరి 16 శాతాన్ని అలా ఎందుకు పిలిచారు? ఆ మాట చెడ్డగా వినిపిస్తుందని ఆయనే రాస్తారు, తప్పు మనుషులది కాకుండా వ్యవస్థది అయ్యుండొచ్చు అని కూడా రాస్తారు, డబ్బు తక్కువున్నవాళ్ళు కొత్తది ఫెయిలైతే తట్టుకోలేరు కాబట్టే ఆగుతారని కూడా ఒప్పుకుంటారు. ఇన్ని ఒప్పుకుని గడి మాత్రం అలాగే ఉంచేశారు. ఇక్కడ వాల్డ్రన్‌ను పక్కన పెట్టుకోండి. ఒక విత్తనం విషయంలో ఆలస్యంగా మారడం పరిస్థితి, అంతే. దాన్ని మనిషి రకంగా మార్చేశారు రోజర్స్. ఆ గడి పట్టుకుని ఇప్పుడు పాలసీలు రాసేవాళ్ళూ, యాప్‌లు అమ్మేవాళ్ళూ, కొందరు పుట్టుకతోనే కదలనివాళ్ళు అన్నట్టు మాట్లాడతారు.

దీనికి సాక్ష్యం రోజర్స్ ఇంట్లోనే ఉంది. ఆయన నాన్న అయోవా రైతు. యంత్రాలంటే ఇష్టం, కొత్త పరికరం వస్తే ముందుండేవాడు. అదే మనిషి హైబ్రిడ్ విత్తనం మాత్రం ఎనిమిదేళ్ళు వద్దన్నాడు, 1936 కరువులో పక్క పొలంలో హైబ్రిడ్ పంట నిలబడి తన పంట ఎండిపోయాక గానీ మారలేదు. ఆయన్ని ఏ గడిలో వేయాలి? యంత్రాల దగ్గర ముందు వరస, విత్తనాల దగ్గర చివరి వరస. మనిషి ఒకడే.

ఐదో ఎడిషన్‌లో నాకు బాగా నచ్చింది మూడో అధ్యాయం. తన రంగం మీద తనే విమర్శలు పెట్టుకున్నారు. కొత్తది ఏదైనా మంచిదే అనుకునే పక్షపాతం, మారనివాళ్ళ మీదే నింద వేసే అలవాటు, దానికి తోడు సమానత్వం సమస్య, అంటే కొత్త పద్ధతి వచ్చాక ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య తేడా ఇంకా పెరగడం. పదకొండో అధ్యాయంలో ఆస్ట్రేలియాలోని యిర్ యొరోంట్ ఆదివాసుల కథ వస్తుంది. రాతి గొడ్డలి పెద్దవయసు మగవాళ్ళది, ఆడవాళ్ళూ పిల్లలూ అడిగి తీసుకోవాలి. మిషనరీలు వచ్చి ఉక్కు గొడ్డళ్ళు ఆడవాళ్ళకూ కుర్రవాళ్ళకూ కూడా పంచేశారు, దాంతో పెద్దవాళ్ళే వాళ్ళ దగ్గరకెళ్ళి అడుక్కోవాల్సి వచ్చింది, ఆ సమాజం అల్లిక చెదిరిపోయింది. రోజర్స్ దీన్ని విషాదంగానే చెప్తారు. నాకు ఒక పక్క అడగాలనిపించింది, గొడ్డలి చేతికొచ్చిన ఆ ఆడవాళ్ళు ఏమనుకున్నారు? ఆ గొంతు కథలో లేదు. మిషనరీలకూ పట్టలేదు, కథ చెప్పినవాళ్ళకూ పెద్దగా పట్టినట్టు లేదు.

ఎవరు ఏది చదవాలి అంటే, థీసిస్ టెన్షన్‌లో ఉన్నవాళ్ళు క్రాఫ్ట్ ముందు చదవండి, పాత ఎడిషన్ దొరికినా చాలు. వాల్డ్రన్‌ను ఒకేసారి లాగించేయొద్దు, అవి లెక్చర్లు కాబట్టి ఒకటి చదివి ఆగి, మళ్ళీ ఇంకోటి చదివితేనే వంటబడతాయి, చెప్పిందే మళ్ళీ చెప్పే అలవాటు కూడా ఉందాయనకు. ఇన్నోవేషన్ మీద ఆసక్తి ఉండి రోజర్స్ మరీ లావుగా ఉందనిపిస్తే, ఎరిక్ వాన్ హిప్పెల్ 2005లో రాసిన డెమోక్రటైజింగ్ ఇన్నోవేషన్ చూడండి, వాడేవాళ్ళే కొత్త వస్తువులు తయారుచేస్తారని వాదించే పుస్తకం, రచయితే ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. రోజర్స్ మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళు మూడు, పదకొండు అధ్యాయాలు చదివినా చాలు, కాకపోతే తీసుకునేది ఐదో ఎడిషనేనా కాదా చూసుకోండి, 1962 నాటి మొదటి ఎడిషన్‌లో ఆ విమర్శల అధ్యాయమే లేదు.