లింక్ నొక్కాక వెనక్కి దారేది?

[స్క్రీన్ మీద ఒక వెబ్ పేజీ. మౌస్ బాణం లేదు. కీబోర్డ్ చప్పుడు, స్క్రీన్ రీడర్ గొంతు వినిపిస్తుంటాయి.]

లింక్‌లో ఏముంది, నొక్కితే ఇంకో పేజీ వస్తుంది, అంతేగా అనుకుంటాం. కళ్లతో చూసి మౌస్‌తో నొక్కేవాళ్లకి అంతే. కానీ పేజీని చెవులతో వినేవాళ్లు, మౌస్ పట్టుకోలేక కీబోర్డ్‌తోనే నడిపేవాళ్లు, స్క్రీన్‌ని నాలుగైదు రెట్లు పెద్దది చేసుకుని చూసేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లకి చాలా సైట్లలో తిప్పలు మొదలయ్యేది లింకుల దగ్గరే.

అందరూ అలవాటుగా చేసేసే పని ఒకటి ఉంది: లింక్‌ని కొత్త ట్యాబ్‌లో తెరవడం. కోడ్‌లో టార్గెట్ బ్లాంక్ అని రాస్తే అయిపోతుంది. "జనం మన సైట్ వదిలి పోకూడదండీ" అని క్లయింట్లు అడిగి మరీ పెట్టించుకుంటారు.

[స్క్రీన్ మీద: లింక్ తెరుచుకుంటుంది. ఆల్ట్, ఎడమ బాణం కీలు వెలుగుతాయి. పేజీ కదలదు.]

చూపు లేని ఒకరు, స్క్రీన్ మీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఆ పేజీ వింటున్నారనుకోండి. లింక్ మీద ఎంటర్ కొట్టారు, కొత్త పేజీ విన్నారు, వెనక్కి వెళ్దామని ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎందుకంటే అది అప్పుడే పుట్టిన ట్యాబ్, దానికి వెనక పేజీ అంటూ ఏదీ లేదు. మనకైతే పైన రెండో ట్యాబ్ కనిపిస్తుంది కాబట్టి సంగతి అర్థమవుతుంది. స్క్రీన్ రీడర్ కొన్నిసార్లు కొత్త ట్యాబ్ అని చెప్పినా, వేగంగా వింటున్నప్పుడు ఆ మాట చెవిన పడకుండానే పోతుంది. స్క్రీన్ పెద్దది చేసుకున్నవాళ్లకైతే ట్యాబ్‌ల వరస కనిపించే భాగంలోనే ఉండదు. బ్రౌజర్ హ్యాంగ్ అయిందా, ఏదైనా తప్పు నొక్కామా అని టెన్షన్ పడుతూ కూర్చోవాలి.

"ఆడిట్‌లో ఇది ఫెయిల్ కాదు కదా" అంటారు కొందరు. నిజమే, వెబ్ యాక్సెసిబిలిటీకి, అంటే వైకల్యం ఉన్నవాళ్లూ సైట్ వాడగలిగేలా చేయడానికి, ప్రామాణికంగా తీసుకునే డబ్ల్యూసీఏజీ నియమాల్లో ఏ, డబుల్ ఏ అనే మొదటి రెండు స్థాయిల్లో దీన్ని నేరుగా తప్పు పట్టరు. కానీ కొత్త ట్యాబ్ కావాలనుకున్నవాళ్లు కంట్రోల్ పట్టుకుని ఎలాగూ తెరుచుకోగలరు, వద్దనుకున్నవాళ్లకే తప్పించుకునే తేలికైన దారి లేదు. అందుకే ఆ నిర్ణయం మనం తీసుకోకూడదంటాను. సగం నింపిన ఫారమ్ మధ్యలో సహాయం లింక్ లాంటివి ఉంటే వేరే సంగతి. అప్పుడు కూడా "కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది" అని లింక్ మాటల్లోనే చెప్పేయండి.

[స్క్రీన్ మీద: లింకుల జాబితా. ఇక్కడ క్లిక్ చేయండి. ఇక్కడ క్లిక్ చేయండి. ఇంకా చదవండి. ఇక్కడ క్లిక్ చేయండి.]

ఇది చూడండి. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌లో ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలోని లింకులన్నీ ఇలా ఒక వరసలో వస్తాయి, చుట్టూ ఉన్న వాక్యాలు లేకుండా. వీటిలో ఫీజు వివరాలు ఏది, దరఖాస్తు ఏది? గొంతుతో కంప్యూటర్ నడిపేవాళ్లకీ ఇదే చిక్కు, ఒకే పేరుతో ఇన్ని లింకులుంటే ఏది కావాలో మళ్లీ నంబర్ చెప్పి ఎంచుకోవాలి. "దరఖాస్తు ఫారమ్, పీడీఎఫ్, 2 ఎంబీ" అని రాస్తే పోయేదానికి ఎందుకింత?

ఇక లింక్‌లా కనిపిస్తూ లింక్ కానివి. డివ్‌కి, అంటే కోడ్‌లో ఒక మామూలు పెట్టెకి, క్లిక్ తగిలించి వదిలేస్తే, ఒక లింక్ నుంచి ఇంకో లింక్‌కి తీసుకెళ్లే ట్యాబ్ కీ దాని దగ్గర ఆగనే ఆగదు, కీబోర్డ్ వాడేవాళ్లకి అది లేనట్టే లెక్క. బటన్ వేషం వేసిన లింక్ ఇంకో రకం: బటనే కదా అని స్పేస్ నొక్కితే పేజీ గబుక్కున కిందికి జారిపోతుంది, ఎందుకంటే లింక్ ఎంటర్‌కే పలుకుతుంది. పేజీ మారేదైతే లింక్ పెట్టండి, అక్కడే ఏదైనా పని జరిగేదైతే బటన్ పెట్టండి.

అందం కోసం, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో అవుట్‌లైన్ నన్ అని రాసేవాళ్లకి చిన్న మనవి, కీబోర్డ్‌తో వెళ్లి ఆగిన లింక్ చుట్టూ కనిపించే ఆ గీత తీసేస్తే కీబోర్డ్ వాడేవాళ్లకి తామెక్కడున్నారో తెలీదు. నచ్చకపోతే ఇంకో మంచి గీత పెట్టండి. వాక్యం మధ్యలో లింకుని రంగుతో మాత్రమే వేరు చేయకండి, కింద గీత ఉంచండి. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం, వాక్యం మధ్యలో వచ్చే లింకుల్లాంటి కొన్ని మినహాయింపులు పోగా, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి, లేదా చుట్టూ సరిపడా ఖాళీ ఉండాలి. చేతులు వణికేవాళ్లకి ఇది చాలా ముఖ్యం.

[స్క్రీన్ మీద: కోడ్ ఎడిటర్‌లో వెతుకుతున్న దృశ్యం.]

మీ సైట్ కోడ్ తెరిచి టార్గెట్ బ్లాంక్ ఎన్నిచోట్ల ఉందో వెతకండి. ప్రతిదాని దగ్గరా ఆగి, ఇది నిజంగా అవసరమా అని చూసి, కాదనిపిస్తే తీసేయండి. తర్వాత మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ కీతో హోమ్ పేజీ మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడవండి. ఎక్కడ ఇరుక్కున్నారో కామెంట్లలో రాయండి, వచ్చే వీడియోలో వాటినే సరిచేసి చూపిస్తాను.