ఏప్రిల్ దాటాక పాయింట్ల పట్టిక ఎలా చదవాలి? టైటిల్ రేసు, రెలిగేషన్ లెక్కలు

(తెరపై: 2012 మే 13, ఎతిహాద్ స్టేడియం. మాంచెస్టర్ సిటీ 1, క్వీన్స్ పార్క్ రేంజర్స్ 2. గడియారం 90 నిమిషాలు దాటింది.)

వ్యాఖ్యానం:
టైటిల్ కావాలంటే సిటీ గెలవాలి. తొంభై నిమిషాలు అయిపోయాయి, ఇంకా ఒక గోల్ వెనకే ఉంది. ఇంజురీ టైంలో, అంటే తొంభై తర్వాత కలిపే సమయంలో, సిటీ ఆటగాడు జెకో సమం చేశాడు. 93 నిమిషాల 20 సెకన్ల దగ్గర అగ్వేరో కొట్టాడు. 3-2. ఆ గోల్ చూడని ఫుట్‌బాల్ అభిమాని ఉండడు.

కానీ ఓడిన జట్టు సంగతి? క్యూపీఆర్ కూడా ఆ సాయంత్రం బతికి బయటపడింది. వాళ్లకు 37 పాయింట్లు. అదే సమయంలో స్టోక్‌లో ఆడుతున్న బోల్టన్ 2-2 డ్రా చేసి 36 దగ్గర ఆగిపోయింది. బోల్టన్ గెలిచి ఉంటే 38, క్యూపీఆర్ కిందికి. చావు తప్పి కన్ను లొట్టపోవడం అంటే అదే. ఒక్క సాయంత్రంలో టైటిలూ తేలింది, రెలిగేషనూ (కింది డివిజన్‌కి దిగిపోవడం) తేలింది.

సీజన్ చివరి ఐదారు వారాల్లో ఈ లెక్కల్ని మీ అంతట మీరే ఎలా వేసుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. ఉదాహరణలు ఎక్కువగా ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌వే. 20 జట్లు, ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు, గెలిస్తే 3, డ్రా అయితే 1. అన్నీ గెలిస్తే 114. అడుగున ఉన్న ముగ్గురు కింది డివిజన్‌కి.

(తెరపై: పట్టిక. ర్యాంకు గడి మీద ఇంటూ గుర్తు.)

ముందుగా ర్యాంకు గడిని పక్కన పెట్టండి. అందరూ సమానంగా మ్యాచ్‌లు ఆడి ఉంటేనే దానికి విలువ. ఏప్రిల్లో అలా ఉండదు. ఎఫ్ఏ కప్, లీగ్ కప్, యూరప్ మ్యాచ్‌ల వల్ల ఒకరి మ్యాచ్‌లు వాయిదా పడతాయి, మరొకరివి ముందే అయిపోతాయి. అందుకని ఒక కాగితం తీసుకుని ఒక్కో జట్టుకు మూడు అంకెలు రాయండి: ఇప్పటి పాయింట్లు, మిగిలిన మ్యాచ్‌లు, గరిష్ఠం. గరిష్ఠం అంటే మిగిలినవన్నీ గెలిస్తే వచ్చే మొత్తం. మిగిలిన మ్యాచ్‌లను మూడుతో హెచ్చించి, ఇప్పటి పాయింట్లకు కలపడమే.

(తెరపై: ఎరుపు జట్టు: 35 మ్యాచ్‌లు, 79 పాయింట్లు. నీలం జట్టు: 34 మ్యాచ్‌లు, 75 పాయింట్లు.)

ఇది ఊహించుకున్న లెక్క. పట్టిక చూస్తే తేడా నాలుగు. ఇప్పుడు గరిష్ఠం వేయండి. ఎరుపు 79కి తొమ్మిది కలిపితే 88. నీలం 75కి పన్నెండు కలిపితే 87. అసలు తేడా ఒక్క పాయింటు. ఇంకో దారిలో వెళ్లినా ఇదే తేలుతుంది. ఇప్పటిదాకా ఎన్ని జారవిడిచారో చూడండి: ఎరుపు 35 మ్యాచ్‌ల్లో 105కి గాను 79 తెచ్చుకుంది, 26 పోయాయి. నీలానికి 27 పోయాయి. నన్నడిగితే జారవిడిచిన పాయింట్ల గడి ఒక్కటే ఉంచి మిగతా పట్టికంతా చెరిపేసినా నష్టం లేదు. పోయిన పాయింటు ఎవరికీ తిరిగి రాదు కదా.

ఇక "టైటిల్ మా చేతుల్లోనే ఉంది" అనే మాట. దీనికి కచ్చితమైన అర్థం ఉంది. మిగిలినవన్నీ గెలిస్తే, మిగతావాళ్లు ఏం చేసినా మనదే కప్పు అవ్వాలి. పై లెక్కలో ఎరుపుకి ఆ స్థితి ఉంది, నీలానికి లేదు.

ఆగండి. మిగిలిన మ్యాచ్‌ల్లో ఒకటి ఈ రెండు జట్ల మధ్యే ఉంటే? అప్పుడు నీలం అన్నీ గెలిస్తే 87. ఎరుపు ఆ ఒక్కటి ఓడి, మిగతా రెండూ గెలిచినా 85 దాటదు. అంటే టైటిల్ ఒకేసారి ఇద్దరి చేతుల్లోనూ ఉంది! రెండు శిబిరాలూ "మా చేతుల్లోనే" అంటుంటే ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారని అనుకుంటాం. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అందుకే గరిష్ఠం రాశాక వెంటనే చేయాల్సిన పని, ప్రత్యర్థులు ఒకరితో ఒకరు ఇంకా ఆడాల్సి ఉందా అని ఫిక్స్చర్ల జాబితా చూడటం.

(తెరపై: "చేతిలో ఒక మ్యాచ్ ఉంది" అన్న అక్షరాలు, పక్కన ప్రశ్నార్థకం.)

చేతిలో మ్యాచ్ ఉంటే చాలామంది మూడు పాయింట్లు జేబులో పడ్డట్టే లెక్కేస్తారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. గరిష్ఠం అంటే పైకప్పు, అంచనా కాదు. అంచనా కావాలంటే సగటు వేయండి. నీలం 34 మ్యాచ్‌లకు 75, అంటే మ్యాచ్‌కి 2.2. మిగిలిన నాలుగింటికి 8.8 వస్తే సుమారు 84. ఎరుపు సగటు 2.26, మూడింటికి 6.8, మొత్తం దాదాపు 86. పైకప్పులో తేడా ఒకటి, అంచనాలో రెండు. పైగా వాయిదా పడ్డ మ్యాచ్ వారం మధ్యలో వచ్చి పడుతుంది, మూడు రోజులకో ఆట. ఎవరితో, ఎక్కడ అన్నది కూడా చూడాలి. అడుగున కొట్టుమిట్టాడే జట్టుకు చేతిలో ఉన్న మ్యాచ్ ఛాంపియన్ మైదానంలో అయితే దాన్ని సున్నాగా రాసుకోవడమే మంచిది.

సగటుకీ ఒక హద్దుంది. 2014-15లో లెస్టర్ 29 మ్యాచ్‌లకు 19 పాయింట్లతో అట్టడుగున ఉంది. ఆ సగటుతో వెళ్తే 25 దగ్గర ఆగాలి. చివరి తొమ్మిదిలో ఏడు గెలిచి, ఒకటి డ్రా చేసి, 41తో ముగించింది. మరుసటి ఏడు అదే జట్టు ఛాంపియన్.

(తెరపై: 2011-12 తుది పట్టిక. సిటీ 89, +64. మాంచెస్టర్ యునైటెడ్ 89, +56.)

పాయింట్లు సమానమైతే ప్రీమియర్ లీగ్‌లో ముందు గోల్ డిఫరెన్స్, అంటే కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేయడం. అదీ సమానమైతే ఎక్కువ గోల్స్ ఎవరివి అన్నది. తర్వాతే వాళ్లిద్దరి మధ్య మ్యాచ్‌లు. అగ్వేరో గోల్ టైటిల్ తెచ్చిందంటాం గానీ, పాయింట్లు సమానమే. ఎనిమిది గోల్స్ తేడాతో గెలిచారు. అవి ఎక్కడివి? 2011 అక్టోబర్ 23న యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో సిటీ 6-1తో గెలిచింది. సిటీ ఖాతాలో ప్లస్ ఐదు, యునైటెడ్ ఖాతాలో మైనస్ ఐదు, మొత్తం పది గోల్స్ ఊపు. మిగతా సీజన్ అంతా చూసుకుంటే యునైటెడ్‌దే రెండు గోల్స్ పైచేయి. ప్రత్యర్థి మీద కొట్టే గోల్‌కి రెట్టింపు విలువ అనేది ఇందుకే. ఆ మ్యాచ్‌లో సిటీ చివరి మూడు గోల్స్ తొంభయ్యో నిమిషం చుట్టుపక్కలే వచ్చాయి. అప్పటికే గెలిచిన మ్యాచ్ కదా, ఎందుకింత హడావుడి అనిపించి ఉంటుంది. ఎందుకో మే నెలలో తెలిసింది.

ఇంకా దగ్గరి లెక్క కావాలా? 1989లో సీజన్ ముగిసేసరికి ఆర్సెనల్, లివర్‌పూల్ రెండూ 76 పాయింట్లు, రెండూ +37. కొట్టిన గోల్స్ ఆర్సెనల్ 73, లివర్‌పూల్ 65. మే 26న చివరి మ్యాచ్‌లో, లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో, ఆర్సెనల్ రెండు గోల్స్ తేడాతో గెలవాలి. ఇంజురీ టైంలో మైకేల్ థామస్ రెండోది కొట్టాడు, కప్పు ఆర్సెనల్‌ది.

గోల్ డిఫరెన్స్ వెంట పడితే ఏమవుతుందో 2014 మే 5న చూశాం. లివర్‌పూల్, క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో 55 నిమిషాలకే 3-0. గోల్ డిఫరెన్స్‌లో సిటీ బాగా ముందుంది, దాన్ని అందుకోవాలని లివర్‌పూల్ ఇంకా ముందుకే వెళ్లింది. వెనక ఖాళీ. 79, 81, 88 నిమిషాల్లో మూడు గోల్స్, 3-3. రెండు పాయింట్లు పోయాయి. సీజన్ ఎలా ముగిసింది? సిటీ 86, లివర్‌పూల్ 84. ఇంకో సంగతి: ప్యాలెస్ అప్పటికే రెలిగేషన్ నుంచి బయటపడింది. "వాళ్లకి ఆడటానికేం లేదు, వదిలేస్తారు" అని ముందే పాయింట్లు రాసుకోకండి.

ఈ నిబంధన అన్ని దేశాల్లో ఒకటి కాదు. స్పెయిన్‌లో సమానమైతే ముందు పరస్పర మ్యాచ్‌లు. 2006-07లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా 76 చొప్పున. గోల్ డిఫరెన్స్ బార్సిలోనాదే మెరుగు, కప్పు మాడ్రిడ్‌ది. జర్మనీలో ఇంగ్లండ్ లాగే గోల్ డిఫరెన్స్. 2022-23లో బయర్న్, డార్ట్‌మండ్ 71 చొప్పున తెచ్చుకుంటే అలాగే తేలింది. ఇటలీలో టైటిల్, రెలిగేషన్ దగ్గర సమానమైతే ఇప్పుడు ప్లే-ఆఫ్ మ్యాచ్. లెక్క మొదలుపెట్టే ముందు ఆ లీగ్ నిబంధన చదవండి.

(తెరపై: పట్టిక అడుగు భాగం, 17వ స్థానం కింద ఎర్ర గీత.)

ఇక అడుగున. ఇక్కడ 40 పాయింట్లొస్తే గట్టెక్కినట్టే అని అందరూ అంటారు. 2002-03లో వెస్ట్ హామ్ 42 తెచ్చుకుని కూడా దిగిపోయింది. 2023-24లో 18వ స్థానం లూటన్‌ది, 26 పాయింట్లు. 2024-25లో లెస్టర్, 25. ఏ అంకె చాలు అన్నది ఆ ఏడు కింద ఉన్న ముగ్గురు ఎంత బలహీనంగా ఉన్నారో దాన్నిబట్టి ఉంటుంది. నలభై అన్నది అలవాటు మాట, అంతే.

గట్టెక్కామా లేదా అన్నదానికి పరీక్ష ఒకటే: కనీసం మూడు జట్లు మనకన్నా కింద ముగించడం ఖాయం కావాలి. ఊహించుకున్న మరో లెక్క చూడండి.

(తెరపై: మనం 37, ఇకపై ఒక్క పాయింటూ రాదనుకుందాం. పచ్చ 33, పసుపు 32, నలుపు 30, తెలుపు 22. నలుగురికీ రెండేసి మ్యాచ్‌లు.)

గరిష్ఠాలు: పచ్చ 39, పసుపు 38, నలుపు 36, తెలుపు 28. నలుపు, తెలుపు మనల్ని అందుకోలేవు. పచ్చ, పసుపు ఇద్దరూ అందుకుంటే మాత్రం మనకి 18వ స్థానం. పైపైన చూస్తే ప్రమాదమే. కానీ పసుపుకి ఏం కావాలి? 37 చేరాలంటే ఐదు పాయింట్లు. రెండు మ్యాచ్‌ల్లో ఐదు రావు! 0, 1, 2, 3, 4, 6 మాత్రమే వస్తాయి. అంటే రెండూ గెలవాల్సిందే. ఆ రెండింట్లో ఒకటి పచ్చతో ఉందనుకోండి. పసుపు గెలిస్తే పచ్చ ఓడినట్టు, పచ్చ గరిష్ఠం 36. ఇద్దరూ కలిసి మనల్ని దాటే దారి లేదు. పట్టిక ఏమీ చెప్పకపోయినా మనం గట్టెక్కాం.

అడుగున డ్రాలతో కడుపు నిండదు. మూడు డ్రాలకు వచ్చేది ఒక గెలుపు, రెండు ఓటములకు వచ్చేదే. చివరి పది నిమిషాల్లో 1-1 దగ్గర ఒక డిఫెండర్‌ని తీసి స్ట్రైకర్‌ని దింపితే పిచ్చిపని అనకండి. పోయేది ఒకటి, వచ్చేది రెండు. అవతల ఉన్నది మనతో పాటు మునుగుతున్న జట్టే అయితే లెక్క ఇంకా పెద్దది. గెలిస్తే మనకు మూడు, ఓడితే వాళ్లకు మూడు, అంటే ఆరు పాయింట్ల తేడా.

పాయింట్ల కోత మరచిపోవద్దు. 1996-97లో మిడిల్స్‌బరో ఒక మ్యాచ్‌కి వెళ్లనందుకు మూడు పాయింట్లు పోగొట్టుకుని 39తో దిగిపోయింది. కోవెంట్రీ 41తో మిగిలింది. 2023-24లో ఎవర్టన్‌కి పది కోసి, అప్పీల్లో ఆరుకి తగ్గించి, మళ్లీ రెండు కోశారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి నాలుగు. అప్పీలు తేలేదాకా రెండు పట్టికలు రాసుకోవాలి, చికాకే అయినా.

(తెరపై: చివరి రోజు. పది మైదానాలు, ఒకే గడియారం.)

చివరి రోజు పది మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి, అవతలి ఫలితం తెలుసుకుని ఆడకుండా. పదీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. మీ జట్టుకు సంబంధించిన రెండు మ్యాచ్‌లు ఎంచుకోండి. ఒక్కోదానికి గెలుపు, డ్రా, ఓటమి. మొత్తం తొమ్మిది గళ్లు. ప్రతి గడిలో ఏ స్థానమో ముందు రోజే రాసి పెట్టుకోండి. సమానమయ్యే గళ్లలో గోల్ డిఫరెన్స్, కొట్టిన గోల్స్ పక్కనే రాయండి.

అది ఎందుకో 2011 మే 22 చెబుతుంది. వుల్వ్స్ సొంత మైదానంలో బ్లాక్‌బర్న్ చేతిలో 1-3తో వెనకబడి ఉంది. అటు టోటెన్‌హామ్‌లో బర్మింగ్‌హామ్ 1-1. ఇద్దరికీ 40, కానీ గోల్ డిఫరెన్స్‌లో వుల్వ్స్ ఒకటి వెనక. 87వ నిమిషంలో స్టీఫెన్ హంట్ గోల్ కొట్టాడు. మ్యాచ్ 2-3, ఓటమే. కానీ గోల్ డిఫరెన్స్ సమానమైంది, కొట్టిన గోల్స్‌లో వుల్వ్స్ చాలా ముందు. ఇప్పుడు బర్మింగ్‌హామ్‌కి గెలుపు కావాలి. ఎగబడింది, ఇంజురీ టైంలో గోల్ ఇచ్చింది, 39తో దిగిపోయింది. తొమ్మిది గళ్లు రాసుకోనివాళ్లకు హంట్ గోల్ ఉత్త ఊరట గోల్ లాగే కనిపించి ఉంటుంది.

ఇక పక్కవాడి ఫోన్‌లో విన్న స్కోరు నమ్మొద్దు.

(తెరపై: 1996 మే 5, మెయిన్ రోడ్ స్టేడియం. మాంచెస్టర్ సిటీ 2, లివర్‌పూల్ 2.)

సిటీ, సౌతాంప్టన్, కోవెంట్రీ మూడూ ఒకే చోట ఇరుక్కున్నాయి. 0-2 నుంచి సిటీ 2-2కి వచ్చింది. అవతల ప్రత్యర్థి ఓడిపోతోందని, డ్రా చాలని బెంచీకి కబురు వచ్చింది. సిటీ ఆటగాడు స్టీవ్ లోమాస్ బంతిని కార్నర్ జెండా దగ్గరికి తీసుకెళ్లి కాలయాపన మొదలుపెట్టాడు. నిజానికి సౌతాంప్టన్, కోవెంట్రీ రెండూ 0-0తో ఉన్నాయి. ముగ్గురికీ 38, గోల్ డిఫరెన్స్‌లో సిటీయే అడుగున. అప్పటికే మైదానం వీడిన సిటీ ఆటగాడు నైల్ క్విన్ సంగతి తెలుసుకుని, గీత పక్కన పరుగెత్తుకుంటూ వచ్చి ఇంకో గోల్ కావాలని అరిచాడు. అప్పటికి మిగిలింది కొన్ని క్షణాలే.

(తెరపై: తుది స్కోర్లు మూడూ పక్కపక్కన. 2-2, 0-0, 0-0.)