రిపోర్టులో 24: హోమోసిస్టీన్ గురించి నాలుగు మాటలు

నమస్కారం. నడక ముగించి టిఫిన్‌కి వెళ్లే వేళకి మిమ్మల్ని కూర్చోబెట్టారు కాబట్టి సూటిగా విషయానికి వస్తాను.

మొన్న మే నెలలో బ్రాడీపేట నుంచి ఒక మిత్రుడు రిపోర్టు పట్టుకొచ్చారు. షుగర్ లేదు, బీపీ లేదు, కొలెస్ట్రాల్ బాగానే ఉంది. రక్తంలో ఉండే హోమోసిస్టీన్ అనే పదార్థం మాత్రం 24. ఇది ఎక్కువుంటే గుండెజబ్బుతో ముడిపెడతారు. మామూలుగా లీటరుకు 5 నుంచి 15 మైక్రోమోల్స్ ఉండాలి. "గుండెపోటు వస్తుందంటారా?" అన్నారు. రాత్రంతా నిద్ర లేదట.

"రక్తం ఎప్పుడు తీశారు, ల్యాబుకి ఎప్పుడు చేరింది?" అని నేనడిగాను. కుర్రాడు ఆరున్నరకి ఇంటికొచ్చి తీసుకున్నాడు. ట్యూబుని బండి డిక్కీలో పెట్టుకుని, ఇంకో నాలుగిళ్లు తిరిగి, పదింటికి ల్యాబులో ఇచ్చాడు. గుంటూరు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! ఒంట్లోంచి తీశాక కూడా ట్యూబులోని ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ని వదులుతూనే ఉంటాయి. అందుకే ట్యూబుని ఐసులో పెట్టాలి, గంటలోపు ప్లాస్మాని, అంటే కణాలు పోగా మిగిలే ద్రవాన్ని, వేరు చేయాలి. లేకపోతే ఒంట్లో లేనిది రిపోర్టులో కనబడుతుంది. ఈసారి ల్యాబుకే వెళ్లి ఇవ్వమన్నాను. 17 వచ్చింది.

భయం తగ్గింది గానీ 17 కూడా ఎక్కువే. మనం తినే మాంసకృత్తుల్లో మెథియోనిన్ ఉంటుంది. శరీరం దాన్ని వాడుకునే దారిలో హోమోసిస్టీన్ తయారవుతుంది. దాన్ని తిరిగి మెథియోనిన్‌గా మార్చడానికి ఫోలేట్, బి12 అనే విటమిన్లు కావాలి. ఇంకో దారిలో వదిలించుకోవడానికి బి6 కావాలి. ఈ విటమిన్లలో ఏది తగ్గినా హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుంటుంది.

ఫోలేట్ ఆకుకూరల్లో, పప్పుల్లో ఉంటుంది. తోటకూరని బోలెడు నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే సగం ఫలం తూములోకే. అన్నట్టు, ఫోలేట్‌కే మాత్రల రూపమైన ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే.

బి12 అలా కాదు. మొక్కల్లో దొరకదు. గుడ్లు, చేపలు, మాంసం, పాలు, పెరుగు, అంతే. మా మిత్రుడు శాకాహారి. కొలెస్ట్రాల్ భయంతో పాలు మానేసి, పెరుగుని నీళ్ల మజ్జిగ చేసుకున్నారు. పైగా మూడేళ్లుగా పరగడుపున గ్యాస్ మాత్ర. కడుపులో ఆమ్లం తగ్గితే ఆహారంలోని బి12 సరిగా విడివడదు. మీలో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్నవారూ బి12 చూపించుకోండి.

మిగతావి గబగబా చెప్తాను. వయసు పెరిగితే హోమోసిస్టీన్ పెరుగుతుంది, మగవారిలో కాస్త ఎక్కువ. కిడ్నీ, థైరాయిడ్ మందగించినా పెరుగుతుంది. మద్యం, రోజుకి అరడజను కాఫీలు, సిగరెట్ కూడా కారణాలే. పొగాకు బోర్డు ఉన్న ఊళ్లో ఈ చివరి మాట అనడం నాకే ఇబ్బందిగా ఉంది! కొందరికి పుట్టుకతోనే ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువులో తేడా ఉంటుంది. ఫోలేట్ సరిపడా తింటే దాని ప్రభావం చాలావరకు తగ్గుతుంది.

మరి విటమిన్ మాత్రలతో అంకె దించితే గుండె భద్రమా? 2006లో వెలువడిన హోప్-2 పరీక్షలో, అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బో షుగరో ఉన్న ఐదున్నర వేలమందికి పైగా జనంలో కొందరికి ఈ విటమిన్లు, కొందరికి ఉత్తి మాత్రలు ఇచ్చి ఐదేళ్లు గమనించారు. విటమిన్లు వాడినవారిలో అంకె తగ్గింది, పక్షవాతం కొంత తగ్గింది, గుండెపోట్లు మాత్రం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. అందుకే అంకె కోసం మాత్రలు మింగడం నాకిష్టం లేదు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే కొనుక్కుని వాడితే ఇంకో చిక్కు: రక్తహీనత సర్దుకుంటుంది, బి12 లోపం వల్ల నరాలకి జరిగే నష్టం మాత్రం లోలోపల సాగుతూనే ఉంటుంది.

మా మిత్రుడికి బి12 పరీక్ష చేయిస్తే మిల్లీలీటరుకు 150 పికోగ్రాములే ఉంది. పాదాల్లో తిమ్మిర్లు ఉన్నాయా అని అడిగాను.

"ఏడాది నుంచీ ఉన్నాయండీ. కొత్త చెప్పుల వల్ల అనుకున్నాను" అన్నారు.