నాలుగు దారాలు, ఒక రబ్బరు బ్యాండు

శ్రోతలందరికీ నమస్కారం.

చిన్నపిల్లల తరగతి గదిలో ఒక మాట రోజుకు పదిసార్లయినా వినిపిస్తుంది. "అందరూ కలిసి ఆడుకోండి" అన్నదే ఆ మాట. ఉపాధ్యాయురాలిగా పనిచేసిన మొదటి సంవత్సరాలలో నేను కూడా ఆ మాటను లెక్కలేనన్నిసార్లు అన్నాను. అన్న ప్రతిసారీ పిల్లలు బుద్ధిగా తలలూపేవారు. రెండు నిమిషాలు గడిచేసరికి ఒకే బంతి కోసం ఇద్దరు పెనుగులాడుతూ, మరొకరు గోడ పక్కన నిలబడి ఆ పెనుగులాటను చూస్తూ కనిపించేవారు. కలిసి ఆడుకోమని చెప్పడం వేరు, కలిస్తే తప్ప సాగని ఆటను వాళ్ల చేతికివ్వడం వేరు అని నాకు బోధపడడానికి చాలా కాలం పట్టింది. ఈనాటి ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఆ రెండో దాని గురించే.

అలాంటి ఆటలలో నాకు ఎంతో ఇష్టమైనదాన్ని ముందుగా వివరిస్తాను. దీనికి కావలసినవి ఆరు కాగితపు కప్పులు, ఒక రబ్బరు బ్యాండు, నాలుగు దారాలు, అంతే. ఒక్కొక్క దారం అర మీటరు పొడవుంటే సరిపోతుంది. రబ్బరు బ్యాండు కప్పు చుట్టుకొలత కన్నా కొంచెం చిన్నదిగా ఉండాలి. దానికి నాలుగు వైపులా, సమాన దూరంలో, నాలుగు దారాలనూ గట్టిగా ముడివేయాలి. కప్పులను బల్లమీద బోర్లించాలి. నలుగురు పిల్లలు బల్ల చుట్టూ నిలబడి తలా ఒక దారం కొస పట్టుకోవాలి. నలుగురూ ఒకేసారి తమ తమ వైపు లాగితే రబ్బరు బ్యాండు సాగి వెడల్పవుతుంది. దాన్ని నెమ్మదిగా కప్పు మీదికి దించి, నలుగురూ ఒకేసారి దారాన్ని సడలిస్తే అది కప్పును బిగించి పట్టుకుంటుంది. అప్పుడు నలుగురూ కలిసి కప్పును పైకెత్తి, కావలసిన చోటికి చేర్చి, మళ్లీ దారాలను లాగి కప్పును విడిచిపెట్టాలి. ఈ విధంగా అడుగున మూడు, వాటిపైన రెండు, అన్నిటికన్నా పైన ఒకటి చొప్పున ఆరు కప్పులనూ పేర్చాలి. కప్పును చేత్తో ముట్టుకోకూడదు. నియమం అదొక్కటే.

వినడానికి ఇది చాలా సులువుగా అనిపిస్తుంది. ఒకసారి మేము నలుగురం ఉపాధ్యాయులం భోజన విరామంలో, తలుపు దగ్గరగా వేసుకుని, ఈ ఆటను ప్రయత్నించాము. మూడో కప్పు దగ్గర మాలో ఇద్దరు ఒకరినొకరు కసురుకున్నారు. ఆ ఇద్దరిలో నేను ఒకదాన్ని.

పిల్లలతో ఈ ఆటను మొదటిసారి ఆడించినప్పుడు జరిగింది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆరేళ్ల వయసు పిల్లలు నలుగురు. వాళ్లలో ఒక అబ్బాయి ప్రతి పనీ తనే ముందుగా, తనొక్కడే చేయాలనుకునేవాడు. అతని ఎదురుగా నిలబడిన అమ్మాయి తరగతిలో నోరు విప్పడం అరుదు. తక్కిన ఇద్దరూ ఎటు గాలి వీస్తే అటు మళ్లేవాళ్లు. ఆట మొదలుకాగానే ఆ అబ్బాయి తన దారాన్ని బలంగా లాగాడు. కప్పు అతనివైపు ఒరిగి పడిపోయింది. మీరు సరిగ్గా లాగడం లేదని అతను మిగిలిన ముగ్గురినీ గదమాయించాడు. మళ్లీ లాగాడు, మళ్లీ పడిపోయింది. తరువాత ఒకరు అంకెలు లెక్కపెట్టాలన్న ఆలోచన వచ్చింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టారు. అప్పుడు ఇంకొక తగవు పుట్టింది: మూడు అన్నప్పుడే లాగాలా, మూడు అన్న తరువాత లాగాలా? ఇద్దరు మూడు అనగానే లాగారు, ఇద్దరు అన్న తరువాత లాగారు, కప్పు ఎగిరి కింద పడింది. ఈ ఒక్క సంగతి తేల్చుకోవడానికే వాళ్లకు చాలాసేపు పట్టింది. నాలుక చివరి దాకా వచ్చిన జవాబును నేను మింగేశాను. ఆ పూట నేను చేసిన మంచి పని అదొక్కటే అని ఇప్పటికీ అనుకుంటాను.

చివరికి దారి చూపినది ఆ మాట్లాడని అమ్మాయి. కప్పు ఎటు ఒరుగుతున్నదో ఆమె చాలాసేపటి నుంచి గమనిస్తూ ఉన్నట్టుంది. అబ్బాయి చేతివైపు చూస్తూ, "కొంచెం వదులు" అన్నది. అతను వదల్లేదు. "కొంచెం వదులు" అని మళ్లీ అన్నది. ఈసారి అతను వేళ్లను కొద్దిగా ముందుకు జరిపాడు. వంగిన కప్పు నిటారుగా నిలబడింది. అప్పుడు అతని ముఖంలో కనిపించిన ఆశ్చర్యం చూడవలసినదే. గట్టిగా లాగితేనే పని జరుగుతుందనుకున్న పిల్లవాడికి, వదిలినా పని జరుగుతుందన్న సంగతి తన వేళ్లకే తెలిసింది. ఆ తరువాత బల్ల చుట్టూ వినిపించిన మాటలన్నీ అవే: కొంచెం వదులు, కొంచెం లాగు, ఆగు, ఇప్పుడు దించు. ఆరు కప్పులూ నిలిచాయి.

ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులైపోయారని చెబితే కథ అందంగా ముగుస్తుంది కానీ అది నిజం కాదు. జరిగినది ఇంతే: అంతవరకు ఆమెను "ఆ అమ్మాయి" అంటూ వచ్చిన ఆ అబ్బాయి, మరునాడు రంగు పెన్సిలు అడగడానికి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. నాకు అది చాలనిపించింది.

ఈ ఆటలో ఉన్న కీలకం ఏమిటో ఒక్క క్షణం చూద్దాం. నలుగురూ తమ దారాలను పట్టుకుని ఉంటేనే కప్పు లేస్తుంది. ఒకరు అలిగి వదిలేస్తే మిగిలిన ముగ్గురి పనీ అంతటితో ఆగిపోతుంది. అందువల్ల ఆటలో లెక్కకు రాని బిడ్డ అంటూ ఎవరూ ఉండరు. బలమున్న బిడ్డ తన బలాన్ని తగ్గించుకోవాలి, బెరుకు ఉన్న బిడ్డ నోరు విప్పాలి. తప్పు ఎక్కడ జరుగుతున్నదో ఉపాధ్యాయురాలు చెప్పనక్కరలేదు, వంగిన కప్పే చెబుతుంది. కప్పు చెప్పిన తప్పుకు పిల్లలు చిన్నబుచ్చుకోరు.

కలిసి చేసిన పని పిల్లల మనసుమీద ఎలా పనిచేస్తుందో చూపిన ఒక ప్రయోగం 2011లో నేచర్ పత్రికలో వెలువడింది. జర్మనీలోని లీప్‌జిగ్ నగరంలో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు మూడేళ్ల పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి చేసిన పరిశోధన అది. ఒక పలకకు తాడు కట్టి ఉంటుంది. ఇద్దరూ చెరొక కొస పట్టుకుని లాగితేనే ఆ పలక, దానిమీది బహుమతులు వాళ్ల దగ్గరికి వస్తాయి. తీరా దగ్గరికి వచ్చాక ఒకరి వైపు మూడు, మరొకరి వైపు ఒకటి మాత్రమే చేరేటట్టు అమర్చారు. కలిసి తాడు లాగిన జంటలలో, మూడు దక్కిన బిడ్డ తరచుగా తనంతట తానే ఒకటి తీసి అవతలి బిడ్డకు ఇచ్చి సమానం చేశాడు. ఏ శ్రమా లేకుండా బహుమతులు ముందే అక్కడ ఉన్నప్పుడు గానీ, ఎవరి తాడును వారు విడివిడిగా లాగినప్పుడు గానీ, అంతగా పంచుకోలేదు. పక్కపక్కనే కూర్చుని ఎవరి పని వారు చేసుకోవడం చాలదని, ఒకే తాడుకు ఇద్దరూ చెరొకవైపు ఉండాలని ఈ ప్రయోగం చెబుతున్నది. తరగతి గదిలో ఆటలు ఎన్నుకునేటప్పుడు నేను చూసుకునేది కూడా ఇదే: పిల్లలు ఒకే బల్ల దగ్గర ఉన్నారా అన్నది కాదు, ఒకే తాడు పట్టుకున్నారా అన్నది.

వయసును బట్టి ఆట మారాలన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. పిల్లల ఆటలను పరిశీలించిన మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు 1932లో ప్రచురించిన వ్యాసంలో, పక్కపక్కనే ఉంటూ ఎవరికి వారు ఆడుకోవడం, ఒకే లక్ష్యం కోసం పనులు పంచుకుని ఆడుకోవడం మొదలైన రకాలను విడదీసి చూపించారు. చిన్న వయసులో మొదటిది ఎక్కువగా, వయసు పెరిగేకొద్దీ రెండోది ఎక్కువగా కనిపిస్తుంది. కనుక మూడేళ్ల బిడ్డ తోటివాళ్లతో కలవడం లేదని కంగారు పడనక్కరలేదు. పైగా అంత చిన్నపిల్లల దగ్గర రబ్బరు బ్యాండు ఉంచకూడదు, నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. వాళ్లకు ఒక దుప్పటి, ఒక మెత్తని బంతి చాలు. అందరూ దుప్పటి అంచులు పట్టుకుని, మధ్యలో ఉన్న బంతి కింద పడకుండా అటూ ఇటూ దొర్లిస్తారు. కింద పడినా ఎవరి తప్పో తెలియదు, అందరూ నవ్వుతారు. ఆ వయసుకు అంతకన్నా ఎక్కువ అవసరం లేదు.

కుర్చీలాట అందరికీ తెలిసినదే. పాట ఆగగానే కుర్చీ దొరకని బిడ్డ బయటికి వెళ్లిపోతాడు. మొదటగా బయటికి వెళ్లేది సాధారణంగా మెల్లగా కదిలే బిడ్డ, అంటే ఆ ఆట అందరికన్నా ఎక్కువ అవసరమైన బిడ్డ. ఆ బిడ్డ మిగిలిన సమయమంతా గోడకు ఆనుకుని కూర్చుంటాడు. నాకు ఈ పద్ధతి నచ్చదు. కుర్చీలకు బదులు నేలమీద పెద్ద కాగితాలు పరచండి. పాట ఆగినప్పుడల్లా ఒక కాగితాన్ని తీసేయండి కానీ పిల్లలను మాత్రం తీయకండి. చివరికి మిగిలిన ఒకటి రెండు కాగితాల మీద అందరి పాదాలూ ఎలాగోలా ఇమడాలి. ఒకరినొకరు పట్టుకోకపోతే ఇమడడం కుదరదు.

ఇక నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. కప్పుల ఆటకు ఉత్సాహం పెంచుదామనుకుని, ముందుగా పూర్తిచేసిన జట్టుకు బహుమతి ఇస్తానని ఒకసారి ప్రకటించాను. అంతే, గది స్వరూపమే మారిపోయింది. "కొంచెం వదులు" అన్న మాట మాయమై, "నీ వల్లే" అన్న మాట మొదలైంది. ఒక జట్టులోని ఇద్దరు, చేతులు వణుకుతున్న మూడో బిడ్డ దారాన్ని లాగేసుకున్నారు. ఆ బిడ్డ ఏడుస్తూ నా దగ్గరకు వచ్చాడు, నా దగ్గర జవాబు లేదు. పోటీ ఎప్పుడూ చెడ్డదని నేను అనను. పెద్ద పిల్లలకు అందులో ఆనందం ఉంది. కానీ స్నేహం కోసం పెట్టిన ఆటలో గడియారాన్నీ బహుమతినీ తెచ్చిపెట్టడం మాత్రం నేను మానేశాను.

ఈ సందర్భంలో నాకు 1954 వేసవిలో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో జరిగిన ఒక ప్రయోగం గుర్తుకు వస్తుంది. అందులో పాల్గొన్నది పదకొండేళ్ల ప్రాంతపు అబ్బాయిలు, ఇరవై ఇద్దరు. ముజఫర్ షెరిఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం వాళ్లను రెండు జట్లుగా చేసి పోటీలు పెట్టగా, ఒక జట్టు జెండాను రెండో జట్టు తగలబెట్టే దాకా వెళ్లారు. ఆ తరువాత ఆహారం తేవలసిన లారీ కదలడం లేదన్నప్పుడు, రెండు జట్లూ కలిసి దాన్ని తాడుతో లాగాయి. ఆ తాడు మరేదో కాదు, అంతకుముందు ఒకరికి ఎదురుగా ఒకరు నిలబడి లాగిన పోటీ తాడే. ఒక్క లారీతో వైరం పోలేదు. అలాంటి పనులు వరుసగా కొన్ని పెట్టాక గానీ మెత్తబడలేదు. కనుక కప్పుల ఆటను ఒక్కసారి ఆడించి ఫలితం కోసం ఎదురుచూడకండి, వారానికి ఒకసారి చొప్పున ఆడించండి, ప్రతిసారీ జట్లు మార్చండి.

జట్లు మార్చడం అన్నాను కదా, అసలు చిక్కు అక్కడే ఉంది. మీకు నచ్చినవాళ్లతో జట్టుకట్టండి అని మాత్రం దయచేసి చెప్పకండి. ఆ మాట అన్న అర నిమిషంలో ఎవరికీ అక్కరలేని బిడ్డ ఎవరో తరగతి మొత్తానికి తెలిసిపోతుంది, ఆ బిడ్డకు కూడా తెలిసిపోతుంది. ఆ తరువాత ఎంత మంచి ఆట ఆడించినా ఆ అర నిమిషాన్ని చెరపడం కష్టం. ఉపాధ్యాయురాలే పేర్లు చదివి జట్లు కట్టడం కొంత నయం, కానీ పిల్లలు దాన్ని శిక్షలాగా చూస్తారు, పెదవి విరుస్తారు.

నేను పాటించే పద్ధతి ఇది. పాత క్యాలెండర్లలోనివో, పత్రికలలోనివో పెద్ద బొమ్మలు తీసుకుని, ఒక్కొక్క బొమ్మను నాలుగు ముక్కలుగా కత్తిరిస్తాను. ముక్కలన్నీ ఒక సంచిలో వేసి, తలా ఒకటి తీసుకోమంటాను. తమ ముక్కకు అతికే ముక్కలు ఎవరి దగ్గర ఉన్నాయో పిల్లలే గదంతా తిరిగి వెతుక్కుంటారు. ఏనుగు తొండం ఉన్న బిడ్డకు ఏనుగు కాళ్లు ఉన్న బిడ్డ కావాలి. ఆ బిడ్డ ఎవరన్నది ఆ క్షణంలో పట్టదు. బొమ్మ పూర్తయ్యేసరికి జట్టు కూడా పూర్తవుతుంది, కప్పుల బల్ల దగ్గరికి వాళ్లు అప్పటికే ఒక పని కలిసి చేసినవాళ్లుగా వస్తారు.

పిల్లల సంఖ్య నాలుగుతో సరిగ్గా భాగింపబడని రోజులే ఎక్కువ. ఒకరు మిగిలితే ఒక బొమ్మను అయిదు ముక్కలు చేసి, ఆ జట్టు రబ్బరు బ్యాండుకు అయిదో దారం కట్టండి. ముగ్గురు మిగిలితే ఒక బొమ్మను మూడు ముక్కలు చేసి, మూడు దారాలు కట్టిన రబ్బరు బ్యాండు ఇవ్వండి, కప్పు బాగానే లేస్తుంది. ఇద్దరు మిగిలితే రెండు బొమ్మలను అయిదేసి ముక్కలు చేయండి. ఇవన్నీ ముందురోజు సాయంత్రమే కత్తిరించి, దారాలు ముడివేసి, విడివిడి కవర్లలో పెట్టుకోండి. పిల్లలు గదిలోకి వచ్చాక కత్తెర వెతుక్కునే తీరిక మీకు దొరకదు.

నమస్కారం.