కుస్తీ వీరుడు గవర్నరయ్యాడు: మిన్నెసోటా, 1998

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పూట ఇంతమంది వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం తగ్గించి సూటిగా విషయంలోకి వస్తాను.

1998 నవంబర్ 3న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో గవర్నర్ ఎన్నిక జరిగింది. అక్కడ గవర్నరంటే మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు, మన ముఖ్యమంత్రి లాంటి పదవి. కాకపోతే ఎమ్మెల్యేలతో పని లేకుండా రాష్ట్రంలోని ఓటర్లందరూ నేరుగా ఎన్నుకుంటారు. ఆ ఏడాది బరిలో ముగ్గురు గట్టి అభ్యర్థులు నిలబడ్డారు. రిపబ్లికన్ల తరఫున సెయింట్ పాల్ నగర మేయర్ నార్మ్ కోల్మన్. డెమొక్రాట్ల తరఫున రాష్ట్ర అటార్నీ జనరల్ స్కిప్ హంఫ్రీ. ఈయన తండ్రి హ్యూబర్ట్ హంఫ్రీ దేశ ఉపాధ్యక్షుడిగా చేసి, 1968లో నిక్సన్ చేతిలో ఓడిన పెద్దమనిషి. అంటే పేరున్న ఇల్లు. కొడుకు కూడా తక్కువవాడేం కాదు. సిగరెట్ కంపెనీల మీద కేసు నడిపి, ఆ ఏడాది మే నెలలోనే రాష్ట్రానికి ఆరు వందల కోట్ల డాలర్ల పైచిలుకు రాబట్టాడు.

మూడో అభ్యర్థి జెస్సీ వెంచురా, ఆ రెండు పెద్ద పార్టీలకూ బయట ఉన్న రిఫార్మ్ పార్టీ అనే చిన్న పార్టీ తరఫున. కొన్నాళ్లు నేవీలో పనిచేశాడు. తర్వాత టీవీ కుస్తీ పోటీల్లో రంగురంగుల ఈకల దండలు మెడలో వేసుకుని విలన్ వేషం కట్టాడు. సినిమాల్లో చిన్నాచితకా పాత్రలు వేశాడు. పోటీకి దిగేనాటికి రేడియోలో కబుర్లు చెబుతున్నాడు.

ఫలితం వచ్చేసరికి వెంచురాకు 37 శాతం, కోల్మన్‌కు 34, హంఫ్రీకి 28.

మన దగ్గర ఈ కథ ఎవరికి చెప్పినా వెంటనే వచ్చే మాట ఒకటే: 'ఓస్, అంతేనా! గ్లామర్ ఉంటే గెలవడమేగా!' నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. సెప్టెంబరులో ఆయనకు సర్వేల్లో వచ్చింది 10 శాతం చుట్టుపక్కలే. ఆయన మొహం సెప్టెంబరులో తెలియక నవంబరుకు తెలిసిందా? చిన్నపిల్లలక్కూడా ముందునుంచీ తెలిసిన మొహమే అది. మరి ఆ రెండు నెలల్లో ఏం మారింది? నన్నడిగితే, వెంచురా కోసం తలుపులు చాలా ముందే కొన్ని తెరిచి పెట్టి ఉన్నాయి. ఆయన వాటిలోంచి నడిచి వెళ్లాడు. ఆ తలుపులు తెరిచినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి ఇవాళ నేను ఎక్కువగా వాటి గురించే మాట్లాడతాను.

మొదట డీన్ బార్క్లీ అనే లాయర్ సంగతి. ఈయన 1994లో అమెరికా సెనేట్‌కు పోటీ చేసి ఓడిపోయాడు. 1996లో మళ్లీ పోటీ చేసి మళ్లీ ఓడిపోయాడు. రెండుసార్లూ వచ్చినవి పదిలోపు శాతమే. కానీ అప్పటి మిన్నెసోటా చట్టం ప్రకారం, రాష్ట్రమంతటా జరిగే ఎన్నికలో 5 శాతం దాటిన పార్టీకి 'పెద్ద పార్టీ' హోదా వచ్చేది. హోదా ఉంటే బ్యాలెట్ మీద చోటు కోసం ఊరూరా తిరిగి సంతకాలు సేకరించే బాధ తప్పుతుంది. ఎన్నికల ఖర్చుకు ప్రభుత్వం నుంచి డబ్బు కూడా వస్తుంది. బార్క్లీ ఓడిపోతూ ఓడిపోతూ రిఫార్మ్ పార్టీకి ఆ హోదా సంపాదించి పెట్టాడు. 1998లో వెంచురాను బరిలోకి దించి, ప్రచారం నడిపించిందీ ఆయనే. మన రాజకీయాల్లో డిపాజిట్ పోగొట్టుకున్నవాణ్ని చూసి నవ్వడం అలవాటు. ఇలాంటి ఓటమిని చూసి నవ్వేముందు కాస్త ఆలోచించాలి.

ఇక డబ్బు. ఇది వినడానికి సరదాగా ఉంటుంది. ప్రభుత్వం నుంచి వెంచురాకు రావలసినది మూడు లక్షల డాలర్లకు పైనే. కానీ అది చేతికి వచ్చేది ఎన్నిక అయిపోయాక, అదీ 5 శాతం ఓట్లు వస్తేనే. ప్రచారానికేమో డబ్బు ఇప్పుడే కావాలి. పోనీ ఆ రాబోయే డబ్బు చూపించి అప్పు తెద్దామంటే, కుస్తీల ఆయనకు అప్పిస్తే వెనక్కి వస్తుందో రాదోనని బ్యాంకులు జంకాయి. చివరికి మినియాపొలిస్‌లో ఒక బ్యాంకు ఒప్పుకునేసరికి అక్టోబరు సగం దాటింది. అందుకే ఆయన టీవీ ప్రకటనలన్నీ ఆఖరి రోజుల్లోనే వచ్చాయి. అప్పటిదాకా పార్టీ బండి టీషర్టుల అమ్మకం మీద, 50 డాలర్ల చందాల మీద నడిచింది. ఆ చందా వెనక కూడా ఒక చట్టముంది. అప్పట్లో అభ్యర్థికి 50 డాలర్లదాకా ఇచ్చినవాళ్లకు ఆ సొమ్ము రాష్ట్ర ప్రభుత్వమే తిరిగి ఇచ్చేసేది. దాంతో మామూలు ఉద్యోగి కూడా జేబు తడుముకోకుండా చందా రాయగలిగాడు.

ఆ ప్రకటనల్లో ఒకదాని గురించి చెప్పాలి. తయారుచేసింది బిల్ హిల్స్‌మన్. ఇద్దరు పిల్లలు బొమ్మలతో ఆడుకుంటుంటారు. ఒకటి వెంచురా బొమ్మ. రెండోది సూటు వేసుకున్న బొమ్మ, అంటే డబ్బిచ్చి పనులు చేయించుకునే లాబీయిస్టు. 'నీ పిచ్చి డబ్బు నాకక్కర్లేదు' అని వెంచురా బొమ్మ చేత ఒక పిల్లాడు అనిపిస్తాడు. అంతే ప్రకటన. అవతలి ఇద్దరూ పన్నుల మీదా బడుల మీదా గంభీరంగా మాట్లాడుతూ ఒకరి మీద ఒకరు బురద చల్లుకుంటుంటే, మధ్యలో ఈ బొమ్మలాట. జనం నవ్వుకున్నారు. నవ్వుతూనే విషయం పట్టుకున్నారు.

టీవీ చర్చల సంగతి ఇంకా విచిత్రం. వెంచురా ఉండాల్సిందేనని పట్టుబట్టింది స్వయంగా హంఫ్రీ. పన్నులు తగ్గిస్తానంటున్న ఈ మనిషి కోల్మన్ ఓట్లు చీలుస్తాడని ఆయన లెక్క. తీరా చూస్తే సొంత ఓట్లే చీలాయి. కాగితాలు చూడకుండా మాట్లాడేవాడు వెంచురా. తెలియనిది తెలియదనేవాడు. అక్టోబరులో సర్వేల్లో 20 శాతం దాటాడు. అప్పుడు కూడా పెద్ద పార్టీలు ఆయన్ని పట్టించుకోకుండా ఒకదాన్నొకటి తిట్టుకుంటూనే ఉన్నాయి. మూడోవాడికి ఓటేస్తే ఓటు వృథా అనే భయం ఎప్పుడూ ఉంటుంది. 20 దాటిన మనిషి విషయంలో ఆ భయం సగం పోతుంది.

చివరి తలుపు పోలింగ్ రోజున తెరుచుకుంది. మిన్నెసోటాలో 1970ల నుంచీ పోలింగ్ రోజే ఓటరుగా నమోదు చేసుకుని, అక్కడికక్కడే ఓటేయవచ్చు. చిరునామాకు కాగితం లేకపోతే, అదే పోలింగ్ కేంద్రం పరిధిలోని ఓటరొకరు వచ్చి 'ఈయన మా వీధిలోనే ఉంటాడు' అని ప్రమాణం చేస్తే చాలు. జాబితాలో పేరు గల్లంతై వెనక్కి తిరిగొచ్చిన అనుభవం మనలో చాలామందికి ఉంది కదా, మనకు ఇది నమ్మశక్యంగా ఉండదు. ఆ రోజు అలా నమోదైనవాళ్లు మూడు లక్షలకు పైమాటే. మొత్తం పోలైనవి ఇరవై లక్షల పైచిలుకు. వెంచురా మెజారిటీ 50 వేల పైన, అంతే. కొత్తగా వచ్చిన కుర్రాళ్లలో ఎక్కువమంది ఎటు వేశారో ఊహించడం కష్టం కాదు. ఆఖరి వారాంతంలో వెంచురా మొబైల్ హోమ్ బండి వేసుకుని 72 గంటలు రాష్ట్రమంతా తిరిగింది కూడా, ఎన్నడూ ఓటు మొహం చూడని ఇలాంటివాళ్ల కోసమే.

ఇక్కడ మన సంగతి కాస్త చెప్పుకోవాలి. 2009లో చిరంజీవి ప్రజారాజ్యం పార్టీకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 16 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం 294లో 18. మన పద్ధతిలో ఓట్లు రాష్ట్రమంతా పరుచుకుని ఉంటే లాభం లేదు, నియోజకవర్గానికొకడు గెలవాలి. ఎన్టీఆర్ 1983లో అది సాధించాడు. ఆయనకు ఊరూరా అభ్యర్థులు, కార్యకర్తలు ఉన్నారు. వెంచురాకు అవన్నీ అక్కర్లేదు. ఒక్క మనిషి, ఒక్క ఓట్ల లెక్క, ముగ్గురిలో ముందుంటే చాలు. గెలుపు తేలిక కావడానికీ, ఆ గెలుపు నిలవకపోవడానికీ కారణం ఒకటే.

1999 జనవరిలో ఆయన కుర్చీ ఎక్కేటప్పటికి రాష్ట్ర చట్టసభల్లో పై సభ అయిన సెనేట్ డెమొక్రాట్లది, దిగువ సభ రిపబ్లికన్లది. రిఫార్మ్ పార్టీకి రెండు సభల్లోనూ ఒక్క సభ్యుడు లేడు. మొదట్లో ఇది కలిసొచ్చింది. రెండు పార్టీలవాళ్లనూ శాఖలకు పెట్టుకున్నాడు, ఖజానాలో మిగులు ఉంది కాబట్టి అమ్మకం పన్నులో కొంత జనానికే చెక్కుల రూపంలో తిరిగి పంపించాడు. మినియాపొలిస్‌లో ఇవాళ నడుస్తున్న లైట్ రైలుకు గట్టిగా నిలబడిందీ ఆయనే. తర్వాత ఖజానా కరిగింది. మిగులు పంచేటప్పుడు అందరూ స్నేహితులే, లోటు పంచుకోమంటే ఎవరుంటారు? రెండు పార్టీలూ ఒక్కటై ఆయన మాట తోసిపుచ్చి బడ్జెట్ సర్దుకున్నాయి. వాదించడానికి సభలో ఆయన మనిషి ఒక్కడూ లేడు. నోటిదురుసు కూడా తక్కువేం కాదు. మతం బలహీనులకు ఊతకర్ర అని ఒక ఇంటర్వ్యూలో అనేసి అనవసరంగా తలనొప్పి తెచ్చుకున్నాడు. 2000లో జాతీయ రిఫార్మ్ పార్టీతో తెగతెంపులు చేసుకుని, రాష్ట్రంలో ఇండిపెండెన్స్ పార్టీ పేరుతో నడిచాడు. 2002లో మళ్లీ పోటీ చేయలేదు.

ఆయన తర్వాత ఆ పార్టీ తరఫున టిమ్ పెన్నీ నిలబడి 16 శాతం తెచ్చుకున్నాడు. 2006లో ఇంకొకరు ఆరేడు శాతంతో సరిపెట్టుకున్నారు. 2010లో టామ్ హోర్నర్‌కు 12 వచ్చింది. అప్పుడు గెలిచిన డెమొక్రాట్ మార్క్ డేటన్ మెజారిటీ తొమ్మిది వేలలోపే. అంటే మూడో పార్టీ గెలవలేకపోయినా గెలుపోటములు తేల్చే స్థితిలో ఉంది. 2014లో మాత్రం రాష్ట్రస్థాయి పోటీలో ఒక్కరూ 5 శాతం దాటలేదు. బార్క్లీ రెండుసార్లు ఓడి సంపాదించి పెట్టిన హోదా పోయింది. అలాగని బార్క్లీకి ఏమీ మిగల్లేదని కాదు. 2002లో సెనేటర్ పాల్ వెల్‌స్టోన్ విమాన ప్రమాదంలో చనిపోతే, ఖాళీ అయిన ఆ సీటుకు గవర్నర్ వెంచురా ఆయన్నే నియమించాడు. రెండు నెలలపాటు సెనేటర్‌గా కూర్చున్నాడు.

నా మాటలు ఇంతే. ఎన్టీఆర్ గురించి అడగాలని ముందు వరసలోవాళ్లు ఇందాకటి నుంచీ ఆత్రంగా ఉన్నారు, మైకు వాళ్లకివ్వండి.