డాబా మీద పోర్షన్ వేస్తే ఇంటి రుణం తేలికవుతుందా?

[తెరపై: ఒక వీధి, డాబాల మీద పైకి లేచి ఉన్న పిల్లర్ ఊచలు]

నమస్కారం. విశాఖపట్నంలో మర్రిపాలెం, గోపాలపట్నం, గాజువాక వంటి ప్రాంతాల్లో చాలా ఇళ్ల డాబాల మీద, ఎప్పటికైనా పై అంతస్తు వేయవచ్చన్న ఆశతో వదిలిన పిల్లర్ ఊచలు కనిపిస్తాయి. ఇంటి రుణం వాయిదా జీతంలో పెద్ద భాగాన్ని పట్టుకుపోతున్నప్పుడు, ఒక పోర్షన్ వేసి అద్దెకిద్దామనిపించడం సహజం. నౌకాదళం, ఉక్కు కర్మాగారం, పోర్టు, మధురవాడ వైపు ఐటీ సంస్థలు ఉన్న ఊరు కనుక అద్దెకు అడిగేవారూ ఉంటారు. అయితే ఆ అద్దె ముందుగా తీర్చవలసింది పాత రుణాన్ని కాదు, పోర్షన్ కోసం తెచ్చిన కొత్త రుణాన్ని.

[తెరపై: మొదటి లెక్క]

పై అంతస్తుకు 15 లక్షలు, 9 శాతం వడ్డీకి, 15 ఏళ్ల గడువుతో తీసుకున్నారనుకుందాం. నెల వాయిదా సుమారు 15,200 రూపాయలవుతుంది. అద్దె 12 వేలు వస్తుందనుకుని, ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందని లెక్కిస్తే, రాబడి 1,32,000, కట్టవలసింది 1,82,000 పైచిలుకు. అంటే భారం తగ్గకపోగా ఏటా 50 వేలు పెరిగింది.

[తెరపై: రెండో లెక్క]

ఇప్పుడు ఉన్న ఇంట్లోనే వెనుక వైపు రెండు గదులను వేరుచేసి, విడిగా దారి, వంటగట్టు, స్నానాల గది ఏర్పాటు చేయడానికి 3 లక్షలు అయ్యాయనుకుందాం. 10 శాతం వడ్డీతో 5 ఏళ్లకు వాయిదా సుమారు 6,400. అద్దె 7 వేలు వస్తే, ఒక నెల ఖాళీ పోయినా దాదాపు సరిపోతుంది. అయిదేళ్ల తరువాత రంగులు, మరమ్మతులు పోగా మిగిలే అద్దె పాత రుణానికి వెళుతుంది. చేతిలో సొమ్ము తక్కువగా ఉన్న కుటుంబానికి ఈ చిన్న పోర్షనే మేలని నా గట్టి అభిప్రాయం.

పై అంతస్తే కావాలనుకుంటే మేస్త్రీని పిలిచే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. పునాది ఎన్ని అంతస్తులకు వేశారో పాత డ్రాయింగులో చూడాలి. సముద్రపు ఉప్పుగాలికి ఏళ్ల తరబడి నిలిచిన ఊచ పైకి ఎర్రగా మాత్రమే కనిపించినా, వైరు బ్రష్‌తో గీకితే పొరలు పొరలుగా రాలి, సన్నబడి ఉండవచ్చు. కొత్త ఊచను పాతదానికి జతచేసేటప్పుడు వ్యాసానికి సుమారు 50 రెట్ల పొడవు, అంటే 12 మిల్లీమీటర్ల ఊచకు 60 సెంటీమీటర్లు, ఒకదానిపై ఒకటి రావాలన్నది పనివారి లెక్క. అంత మంచి ఊచ మిగిలిందా లేదా అన్నది ఇంజనీరే తేల్చాలి. ఖర్చు తగ్గుతుందని రేకుల గది వేద్దామనుకునేవారు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలికి ఈ ఊరిలో రేకులు ఎలా ఎగిరిపోయాయో గుర్తుచేసుకోవాలి.

విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఆమోదించిన ప్లాను లేకుండా పై అంతస్తుకు బ్యాంకు రుణం దొరకడం కష్టం. కొత్త నిర్మాణంతో ఆస్తిపన్ను కూడా పెరుగుతుంది.

[తెరపై: రెండు విద్యుత్ మీటర్లు]

విద్యుత్ మీటరు విషయం చిన్నదిగా కనిపించినా, తగాదాలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. రెండు కుటుంబాల వాడకం ఒకే మీటరులో పడితే యూనిట్లు కలిసిపోయి ఎక్కువ ధర ఉన్న స్లాబులోకి వెళతాయి. అందువల్ల పోర్షన్‌కు విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ నుంచి విడి మీటరు తీసుకోవడమే న్యాయం.

ఆదాయపు పన్ను లెక్కలో, వచ్చిన అద్దె నుంచి మీరు కట్టిన ఆస్తిపన్నును, మిగిలినదానిలో 30 శాతాన్ని, ఆపైన ఆ పోర్షన్‌కు సంబంధించిన రుణ వడ్డీని తీసివేయవచ్చు. కొత్త పన్ను విధానంలో మాత్రం, వడ్డీ వల్ల వచ్చిన నష్టాన్ని జీతం ఆదాయంలో సర్దుకోవడానికి వీలులేదు.

చివరగా, మిగిలిన అద్దెను సేవింగ్స్ ఖాతాలో ఉంచితే ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. మారే వడ్డీ రేటుపై వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణాన్ని ముందుగా చెల్లించినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. కనుక ఏడాదికి ఒకసారి ఆ సొమ్మును అసలుకు జమ చేసి, వాయిదా మొత్తాన్ని కాకుండా గడువును తగ్గించమని బ్యాంకును రాతపూర్వకంగా కోరండి.