కాపరి మాట విన్న వైరాలజిస్టు

అందరికీ నమస్కారం. పశువైద్యం చదువుతున్న మీ ముందు ఒక శాస్త్రవేత్త గురించి మాట్లాడమన్నారు. నాకు వెంటనే తట్టిన పేరు వాల్టర్ ప్లౌరైట్. 1923లో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో పుట్టారు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీలో చదివి, 1944లో పట్టా తీసుకుని, సైన్యం పశువైద్య విభాగంలో ఉండగా కెన్యా చూశారు. తరవాత ఆయన పనిలో ముఖ్యమైనదంతా ఆ నేల మీదే, నైరోబీ దగ్గర ముగుగా అనే చోట జరిగింది.

ఆయన పేరు చెప్పగానే అందరూ పశువుల్ని చంపే రిండర్‌పెస్ట్ రోగానికి టీకా అంటారు. నేను మాత్రం మసాయి కాపరుల దగ్గర మొదలుపెడతాను. ఆఫ్రికా గడ్డి మైదానాల్లో వైల్డెబీస్ట్ అనే జింక జాతి జంతువుల మందలు ఈనే రోజుల్లో మసాయిలు తమ పశువుల్ని అక్కణ్ణుంచి తోలుకుపోయేవారు. పచ్చటి మేత కళ్లముందే ఉన్నా వదులుకునేవారు. అక్కడ మేస్తే పశువుకి విపరీతమైన జ్వరం వస్తుంది, ముక్కు కారుతుంది, కంటి నల్లగుడ్డు తెల్లబడుతుంది. ఆపైన అది బతకడం అరుదు. వైల్డెబీస్ట్ ఈనినప్పుడు పడే మాయ వల్లే ఈ జబ్బు వస్తుందని వాళ్ల నమ్మకం.

ప్లౌరైట్ దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయలేదు. ఏ జబ్బూ లేని వైల్డెబీస్ట్‌ల రక్తం తీసి వెతికారు. అందులో వైరస్ దొరికింది. 1960లో ఆ సంగతి ప్రకటించారు. అది హెర్పీస్ జాతి వైరస్. వైల్డెబీస్ట్‌ని అది ఏమీ చెయ్యదు, ఆవుకి సోకితే చంపుతుంది. పుట్టిన మొదటి రెండు మూడు నెలల్లో వైల్డెబీస్ట్ దూడల కళ్ల నీళ్లలో, ముక్కు చీమిడిలో వైరస్ బయటికొస్తుందని తరవాత తెలిసింది. కారణం మాయ కాదు. కానీ ఏ కాలంలో వస్తుందో, ఏ జంతువు నుంచి వస్తుందో కాపరులు సరిగ్గానే చెప్పారు. ఆయన చేసిన పనులన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది ఇదే.

ఇక రిండర్‌పెస్ట్. మన పాత పశువైద్య పుస్తకాల్లో ముసర వ్యాధి అని చదివి ఉంటారు. ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త 1920లలో మన దేశంలోనే, ఉత్తరాఖండ్‌లోని ముక్తేశ్వర్‌లో వైరస్‌ని మేకల్లో మళ్లీ మళ్లీ ఎక్కించి టీకా తయారుచేశారు. లక్షల పశువుల్ని అది కాపాడింది. అయితే తట్టుకోలేని జాతులకి ఆ టీకాతోనే జ్వరం వచ్చేది, కొన్ని చచ్చిపోయేవి కూడా. ప్లౌరైట్, ఆయన సహచరుడు ఫెరిస్ వేరే దారి పట్టారు. దూడ మూత్రపిండాన్ని సన్నగా తరిగి, కణాల్ని విడదీసి, గాజు గొట్టాల్లో పెంచారు. ఆ కణాలకి కబెటే ఓ అనే వైరస్ రకాన్ని ఎక్కించారు. ఒక గొట్టంలో పెరిగిన వైరస్‌ని తీసి ఇంకో గొట్టంలోకి, అక్కణ్ణుంచి మరో దాంట్లోకి, ఇలా దాదాపు 90 సార్లు మార్చారు. రోగం తెప్పించే శక్తి పోయింది, రక్షణ ఇచ్చే గుణం మిగిలింది.

సూక్ష్మదర్శినిలో చూస్తే వైరస్ సోకిన కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎన్నో కేంద్రకాలున్న పెద్ద ముద్దలుగా కనిపిస్తాయి. ఈ గుర్తు వల్ల ఇంకో మేలు జరిగింది. టీకా పనిచేసిందో లేదో చూడాలంటే అంతకుముందు బతికున్న పశువుకే రోగం ఎక్కించాల్సి వచ్చేది. ఆ తరవాత దాని రక్తం నుంచి తీసిన సీరం, అంటే తేట ద్రవం, ఒక చుక్క చాలు. అది వైరస్‌తో కలిపాక కణాల్లో ఈ ముద్దలు రాకపోతే టీకా పనిచేసినట్టే.

ఆయన అక్కడితో ఆగలేదు. టీకా వేసిన పశువుల్ని రోగం సోకని చోట ఏళ్ల తరబడి ఉంచి, తరవాత అసలు వైరస్ ఎక్కించి చూశారు. రక్షణ నిలిచే ఉంది. ఒక్క మోతాదు జీవితాంతం పనిచేస్తుందని మనం ఈరోజు ధైర్యంగా చెబుతున్నామంటే, ఆ ఓపికే కారణం. ఇలాంటి పరిశోధనకి డబ్బు దొరకడం ఎప్పుడూ కష్టమే.

పందులకి వచ్చే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ సంగతి కూడా చెప్పాలి. అడవిపంది జాతికి చెందిన వార్ట్‌హాగ్‌ల బొరియల్లో పిడుదులు ఏరించి, వాటిలో ఆ వైరస్ ఉందని 1969లో చూపించిన బృందానికి నాయకుడు ఆయనే. 2020లో ఆ జబ్బు అస్సాంలో పందుల్ని పొట్టన పెట్టుకున్నప్పుడు ఆ పాత వ్యాసాన్ని మళ్లీ తీసి చదివాను.

1999లో ఆయనకి ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో కన్నుమూశారు. రిండర్‌పెస్ట్ భూమ్మీద లేదని ప్రకటించింది 2011లో. ఆ వార్త ఆయన వినలేకపోయారే అని నాకిప్పటికీ బాధ.

మన దేశంలో టీకాలు ఆపేశాక, రోగం నిజంగా పోయిందా అని ఊరూరా వెతికే పని మా పశువైద్యుల మీద పడింది. ఒక ఊళ్లో కొట్టం ముందు కూర్చున్న పెద్దాయన్ని అడిగాను. "కళ్లల్లో నీళ్లు ధారగా కారతాయి బాబూ. నోరు పుండై కంపు కొడుతుంది. ఆనక నీళ్లలాగా పారుకుంటుంది. మూడోనాటికో నాలుగోనాటికో కొట్టం ఖాళీ" అన్నాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే. పక్కనే గడ్డి వేస్తున్న మనవడు ఆగి, "అదేం రోగం తాతా?" అన్నాడు. పద్దులో 'లేదు' అని రాసుకుని పక్కింటికి వెళ్లాను.